పేలాల వాసన గడ్డి

జూన్ 3, 1986, మంగళవారం

శ్మశానంలో గడ్డి కోసే మిషను ఆగిపోయింది. లోపలి పళ్ల చక్రం విరిగింది. కింది సగం కోశాను. పై సగం మిగిలింది. ఆ సామాను లింకన్ పట్నం నుంచి రావాలిట.

అక్కతో చెప్పాను. "చచ్చినవాళ్లకి తొందరేముందిరా," అంది లిబుషే అక్క, కొలాచ్ తీపి రొట్టెల మీద గసగసాల ముద్ద పెడుతూ. తిన్నాను.

జూన్ 7, శనివారం

ఉదయం గుట్ట మీదికి వెళ్లాను. మిషను లేదు కాబట్టి పని లేదు. ఊరికే వెళ్లాను.

ఒకావిడ కంచె దాటుతోంది. గేటు ఉండగా కంచె ఎందుకో. గడ్డి టోపీ, మగవాళ్ల బూట్లు, మెడలో దారానికి కట్టిన భూతద్దం. నేను కింది సగం అంచున ఉన్న తాత సమాధి రాయి వెనక్కి వెళ్లి నిలబడ్డాను. మంచి వెడల్పు రాయి. 'ఇక్కడ పడుకున్నవాడు ఎవరికీ మోకరిల్లలేదు' అని దాని మీద చెక్కించారు. మా నాస్తికుల సంఘం పెట్టినవాళ్లంతా దేవుణ్ణి బొహీమియాలోనే దింపేసి ఓడెక్కారు కదా. తాత మోకరిల్లకపోవడం మాట నిజమేగానీ, బతికినన్నాళ్లూ ఎక్కువ భాగం పడుకునే ఉన్నాడని అమ్మ అనేది.

"రాయి వెనక ఉన్నాయనా, మీ టోపీ కనిపిస్తోందండీ," అందావిడ.

బయటికి వచ్చాను.

"గడ్డి కోయడం ఆపింది మీరేనా?"

"మిషను ఆగిందండి."

"చాలా మంచి మిషను."

పేరు వ్లాస్తా బ్రెజినా. వాగు అవతలి ఊరు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయింది. వాగు అవతల అంటే కేథలిక్కులే. ఈ జిల్లాలో పాత శ్మశానాలూ రైలు కట్టలూ పట్టుకు తిరుగుతోందిట, గడ్డి కోసం. మేకలు పెంచుతున్నారా అని అడగబోయి ఊరుకున్నాను.

ఒక దుబ్బు దగ్గర కూర్చుని ఆకుల్ని రెండు పక్కలకీ తీసింది, పిల్లకి పాపిట తీసినట్టు. "ఇదేమిటో తెలుసాండీ?"

"గడ్డి."

"అది నాకూ తెలుసు."

నవ్వింది. కోపం లేని నవ్వు. ఆకులు దారాల్లా సన్నగా ఉండి, దుబ్బు మధ్యలోంచి లేచి నాలుగు వైపులా ఒంగి పడుతున్నాయి. మే నెలలో నేను కోసినా మళ్లీ లేచాయి. తను అనుకున్నదే అయితే ఇది ఈ నేలకి సొంత గడ్డి, మన తాతలు రాకముందు ఇక్కడంతా ఇదీ దీని చుట్టాలే అంది. నాగలి పడని నేలలోనే బతుకుతుందిట. పేరు ప్రెయిరీ డ్రాప్‌సీడ్. గింజ పండగానే రాల్చేస్తుంది, అందుకని.

"ఆకు చూసి ఒట్టేయలేనండీ. చాలా రకాల గడ్డికి ఆకు ఒకేలా ఉంటుంది. ఆగస్టులో పూత పట్టాలి. అప్పుడు వాసన చెప్పేస్తుంది. వెన్న వేసిన మొక్కజొన్న పేలాల వాసన. ఈ చుట్టుపక్కల ఇంకే గడ్డికీ ఆ వాసన రాదు. అందాకా కోయకుండా ఉంచగలరా?"

"మిషను పాడయింది కదండీ," అన్నాను.

వాసన సంగతి చెబుతున్నంతసేపూ తలాడించాను. పొలంలో ఎరువు అమ్మోనియా ట్యాంకు గొట్టం ఊడి మొహాన కొట్టిన ఏడాది నుంచి నా ముక్కు కళ్లజోడు నిలబెట్టడానికే పనికొస్తోంది. ఆ ముక్క చెప్పాల్సింది. తలాడించాను.

జూన్ 8, ఆదివారం

లూమిర్ వచ్చాడు. బాబాయి కొడుకు, శ్మశానం కమిటీకి పెద్ద. పెద్ద అంటే గొంతు పెద్ద. రెండు బీర్లు తాగి అసలు సంగతి ఎత్తాడు.

"ఏరా బొహుమిల్, పై సగం చూసుకున్నావా? చచ్చినాక కూడా మనవాళ్లు గడ్డం గీసుకోలేదన్నట్టుంది."

"మిషను పాడయింది."

"నాది పట్టుకుపో."

"దాని కత్తి ఎత్తు వేరు."

"తిప్పుకుంటే సరిపోతుంది."

"సరిపోదు."

ఎందుకు సరిపోదో నాకే తెలియదు. అక్క నా మొహం వైపు చూసి, తర్వాత కిటికీలోంచి బయటికి చూసింది.

జూన్ 19, గురువారం

సామాను వచ్చింది. షెడ్డులో అటక మీద పెట్టాను.

జూన్ 20

ఎండ బాగా ఉంది. మిషను పని ఎండలో చేసేది కాదు.

జూన్ 21

మబ్బు పట్టింది. మిషను పనికి వెలుతురు చాలదు.

జూన్ 25, బుధవారం

టీచరమ్మకి సాయంగా ఉంటుందని రోడ్డు పక్క గుంటలో ఏపుగా ఉన్న గడ్డి ఒక కట్ట కోశాను. దేవుడు లేకపోయినా పద్ధతి ఉండాలి కదా, దారంతో కట్టాను. వాగు దాటి వాళ్లింటి మెట్ల మీద పెట్టి వచ్చేద్దామనుకున్నాను. తలుపు తీసింది.

భూతద్దంతో చూసింది. మొహం మర్యాదగా పెట్టింది. "కద్లెచెక్ గారూ, ఇది బ్రోమ్ గడ్డండీ. పశువుల మేతకని యూరప్ నుంచి తెచ్చి చల్లారు. ఇప్పుడు రోడ్లన్నీ అదే. మీ తాతగారి బాపతే."

"మా తాతని పశువుల కోసం తేలేదండి."

ఆవిడతో నేనన్న మాటల్లో ఇప్పటికి అదే పెద్దది. ఆవిడ ద్వారబంధం పట్టుకుని నవ్వింది. కాఫీ ఇచ్చింది. ఆ కట్ట ఏం చేసిందో చూడలేదు. వచ్చేటప్పుడు మాత్రం బల్ల మీద గాజు కూజాలో ఉంది.

జూన్ 28

గడ్డం గీసుకున్నాను. శనివారమే, కాబట్టి విశేషం కాదు. బుధవారం కూడా గీసుకున్నావని అక్క అంది. ఈవిడకి వేరే పని లేదు.

జూలై 4, శుక్రవారం

సంఘం హాలు దగ్గర విందు. బాతు వేపుడు, పులిసిన క్యాబేజీ, ఉడికించిన పిండి ముద్దలు. అకార్డియన్ వాయించే ఒటకార్ రెండు పాటలకోసారి నిద్రపోయాడు.

లూమిర్ కుర్చీ ఎక్కాడు. వచ్చే మే నెలకి మన సంఘానికి నూరేళ్లు, ఒమాహా నుంచి, షికాగో నుంచి చుట్టాలు వస్తారు అన్నాడు. "అటు కేథలిక్కుల శ్మశానం చూడండి. బిలియర్డ్ బల్లలా ఉంది. దాని మీద చావాలనిపిస్తుంది. మన పై సగం చూస్తే బతికున్నవాడికే దురద పుడుతుంది." అందరూ నవ్వారు. పై సగం మొత్తం దున్నించి సాపు చేసి పచ్చిక విత్తనం చల్లిస్తాడట. సెప్టెంబరు 14 సమావేశంలో ఓటు. విత్తనాల సంచులు ఇప్పటికే తెచ్చి తన కొట్టంలో వేసుకున్నాడు. అంటే ఓటు కూడా తెచ్చి వేసుకున్నట్టే.

పై సగంలో ఇంకా ఎవర్నీ పూడ్చలేదు. చోట్లు మాత్రం పంచుకున్నాం. గింజ పండని రాతి గుట్ట అని తాతలు దాన్ని మనుషులకి వదిలేశారు.

పిండి ముద్దలు గట్టిగా ఉన్నాయి.

జూలై 5, శనివారం

టీచరమ్మకి చెప్పాను. వాగు అవతలికి గడ్డి సంగతి చెప్పడానికే వెళ్లాను.

కాఫీ గిన్నె పొయ్యి మీంచి దించింది. అప్పుడంది: "ఒక్కసారి తిరగేస్తే మళ్లీ రాదండీ. విత్తనం చల్లినా ఇలా రాదు. ఈ దుబ్బుల్లో కొన్నిటి వయసు మీ తాతగారి రాయికంటే ఎక్కువ ఉండొచ్చు. మా వైపు శ్మశానంలోనూ ఉండేది. మా నాన్నే దున్నించాడు. ఆ పచ్చిక చూసి మీ వాళ్లు కుళ్లుకోవడం నాకు తెలుసు."

తర్వాత నాతో గుట్ట ఎక్కి, బూడిద రంగు ఆకులు, ఊదా పూలు ఉన్న ఒక పొదని చూపించింది. నాగలి తగిలితే దీని వేళ్లు తాడు తెగినట్టు పటపటమంటాయట. దున్నిన నేలలో కనిపించదు. ఇది ఉందంటే ఇక్కడ నాగలి పడలేదన్నమాట. కానీ ఇది ఆ గడ్డి కాదు. లూమిర్ కమిటీకి కావలసింది గడ్డి పేరు, రాసి ఉన్న కాయితం. పూత వచ్చాక ఆవిడ కాయితం రాసి యూనివర్సిటీకి పంపుతుంది, వాళ్లు ముద్ర వేస్తే కమిటీ ముందు పెట్టొచ్చు.

"అంతా వాసన మీదే ఉందండీ," అంది.

తలాడించాను.

జూలై 9

లూమిర్ అంటాడు కదా, తాత మొదటి ఏడు ఆ గుట్ట దున్ని బంగాళాదుంపలు వేశాడట. అందుకని అక్కడ ఏ పాత గడ్డీ ఉండదట.

"తాత దుంపలు వేశాడా?" అంది అక్క. "ఆయన జన్మలో తవ్వింది సారా సీసాలు దాచడానికి. అవీ ఎక్కడ పెట్టాడో మర్చిపోయాడు."

జూలై 22

మిషను పనికి గాలి ఎక్కువగా ఉంది. కింది సగం కొడవలితోనే కానిచ్చాను.

ఆగస్టు 2

కాడలు లేస్తున్నాయి. జుట్టు మీద ఇంకో జుట్టు మొలిచినట్టు. మే నెలలో నా చేత కోత తిన్నాయి కాబట్టి ఈ ఏడు పొట్టిగానే, మోకాలి దాకా వస్తాయట. క్షమించమని చెప్పాను. గడ్డికి.

ఆగస్టు 17, ఆదివారం

పూత వచ్చింది. కాడ చివర మసక మసకగా, గాలిలో పొగ నిలిచినట్టుంది. టీచరమ్మ భూతద్దం పెట్టి, ఆకు కాడని చుట్టుకునే చోట నూగు చూసింది, కంకిలో ఒక్కో గింజకి ఒక్కో పువ్వే అని చూసింది. అన్నీ సరిపోతున్నాయిట. నా వైపు తిరిగింది.

"వాసన వస్తోందాండీ?"

అప్పుడు చెప్పాల్సింది.

"వస్తోందండి. పేలాలు."

"వెన్నతోనా?"

"ఉప్పు కూడా."

'ఉప్పు కూడా' ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. ఆవిడ చాలా సంతోషించింది. వెంటనే కాయితం మీద రాసుకుంది. 'వాసన నిర్ధారణ: బి. కద్లెచెక్' అని. నా పేరు కాయితం మీద ఆఖరిసారి రాసింది డ్రైవింగు లైసెన్సుకి అనుకుంటా.



ఆగస్టు 18, సోమవారం

ఒక గుప్పెడు కాడలు తెంచి తెచ్చాను. గ్లాసులో పెట్టి అక్క ముక్కు కింద పెట్టాను.

"ఏం వాసన వస్తోంది?"

"ఎండుగడ్డి. నువ్వు చొక్కా మార్చి ఎన్నాళ్లయింది?"

"చొక్కా కాదే, గ్లాసు."

"గ్లాసు నుంచి గ్లాసు వాసన వస్తోంది."

పోస్టుమాన్ వచ్చాడు. వాసన చూడమంటే ముందు నా మొహం చూశాడు, తర్వాత గ్లాసు చూశాడు. "కాలిన రబ్బరు," అన్నాడు. కుక్క వాసన చూసి తుమ్మింది. కుక్క మాట ఎవరూ అడగరు.

కాలిన రబ్బరు. అయితే ఇది ఆ గడ్డి కాదేమో. ఎక్కడో ఏదో మామూలు గడ్డికి నేను ఉప్పూ వెన్నా రాసి ఇచ్చాను. ఆవిడ దాన్ని యూనివర్సిటీకి పంపిస్తోంది.

ఆగస్టు 19

రాత్రి నిద్ర లేదు.

ఆగస్టు 24, ఆదివారం

తెంచిన కాడలకి వాసన నిలవదట. వేడి ఎండలో, మొక్క మీద ఉండగానే, దగ్గరగా చూడాలి అంది టీచరమ్మ. కొందరి ముక్కుకి అసలు తెలియదట, కొందరికి వేరేలా వస్తుందట. అది విని సగం ఊపిరి వచ్చింది. మిగతా సగం రాలేదు. ఎందుకంటే మళ్లీ అడిగింది, "ఈ వేళ ఎలా ఉందండీ?" అని.

"నిన్నటికంటే బాగుంది," అన్నాను.

సెప్టెంబరు 6, శనివారం

చెప్పేద్దామని వెళ్లాను. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాను. నిజం చెప్పడానికి ఇదంతా అవసరం లేదనుకుంటా.

ప్లమ్ పళ్లు లోపల పెట్టి పిండి ముద్దలు చేసింది, పైన వేపిన రొట్టె పొడి చల్లి. తినేటప్పుడు అలాంటి మాటలు ఎత్తడం మర్యాద కాదు. తిన్నాక ఆవిడ చనిపోయిన వాళ్లాయన ఫొటో చూపించింది. పెద్ద మీసాలు. ఫొటో ముందు ఎత్తడం ఇంకా మర్యాద కాదు. యూనివర్సిటీ నుంచి జవాబు రాలేదట, 14 లోపు రాకపోవచ్చట. "ఫర్వాలేదండీ," అంది. "మీ ముక్కు ఉంది కదా."

వాగు దాటి వస్తుంటే కాలు జారి బురదలో పడ్డాను. బాగా అయింది.

సెప్టెంబరు 13

రేపే. చెప్పలేదు.

సెప్టెంబరు 14, ఆదివారం

మొదట భోజనాలు. తర్వాత సమావేశం. టీచరమ్మ సభ్యురాలు కాదు కాబట్టి లోపలికి రాకూడదు అన్నాడు లూమిర్. ఆవిడ బయట కారులో కూర్చుని పుస్తకం చదువుకుంది. కిటికీలోంచి టోపీ కనిపిస్తూనే ఉంది.

లూమిర్ దున్నడం గురించి చెప్పాడు. చెప్పి, చెప్పి, ఆఖర్న, "మన బొహుమిల్ ఏదో గడ్డి అంటున్నాడు. వాగు అవతలి టీచరమ్మ చెప్పిందిట. కాయితం ఇంకా రాలేదట. అది పేలాల వాసన వేస్తుందట," అన్నాడు. హాలంతా నవ్వింది. "నేను న్యాయంగా పోతాను. పదండి, అందరం గుట్టెక్కుదాం. అందరి ముక్కులూ చెప్పనీ. ఎక్కువమంది పేలాలంటే వదిలేస్తా. కాదంటే రేపు పొద్దున్నే నా ట్రాక్టరు పైన ఉంటుంది."

సరే అన్నారు. బాతు తిన్నాక ఏది చెప్పినా సరే అంటారు.

గుట్ట మీద ఎండ మాడ్చేస్తోంది. గాలి కూడా. ఆ గాలికి వాసన పక్క రాష్ట్రం అయోవా దాకా పోతుంది, ఇక్కడ నిలవదు. ఆడవాళ్లు గౌన్లు పట్టుకున్నారు, మగవాళ్లు టోపీలు పట్టుకున్నారు. అందరూ నిలబడి గట్టిగా పీల్చారు.

"నాకు ఒటకార్ వాసన వస్తోంది," అంది ఎవరో.

టీచరమ్మ కంచె దగ్గరికి వచ్చింది. "అలా రాదండీ. కాడలు పొట్టిగా ఉన్నాయి, గాలి ఉంది. ముక్కు దాని దగ్గరికి తీసుకెళ్లాలి. వంగండి."

"వంగితే నేను మళ్లీ లేవనమ్మా," అన్నాడు ఒటకార్. మిగతావాళ్ల నడుములు కూడా అదే అన్నాయి. మాలో అరవై దాటనివాళ్లు ఎంతమందని, వాళ్లలోనూ సగం మంది గుట్ట ఎక్కనే లేదు.

"అయితే మోకాళ్ల మీద కూర్చోండి."

వంగబోయినవాళ్లు కూడా నిటారుగా నిలబడ్డారు.

లూమిర్ మొహం వెలిగింది. "ఓహో. అదా సంగతి. నూరేళ్లుగా మీ ఫాదర్లు బెదిరించి చేయించలేనిది, మీరు గడ్డితో చేయిద్దామని వచ్చారన్నమాట."

"నాకు మీ ముక్కులు కావాలండీ. మోకాళ్లు మీరే ఉంచుకోండి."

"ఈ గుట్ట మీద ఎవడూ మోకరిల్లలేదు. తాత రాయి మీద రాసుంది."

అందరూ తాత రాయి వైపు చూశారు. కొందరు తాత అంగీకారం కోసం ఆగినట్టు ఆగారు. ఒకరిద్దరు కిందికి దిగడం మొదలుపెట్టారు. ఓటు అయిపోయినట్టే. రేపు ట్రాక్టరు.

నేను మోకాళ్ల మీద కూర్చున్నాను.

కూర్చోవడం అంటే మాటలు కాదు. ముందు ఎడమది, అది పటుక్కుమంది. తర్వాత కుడిది, అది ఇంకా గట్టిగా. ఆ చప్పుడికి దిగేవాళ్లు ఆగారు. దుబ్బులో మొహం పెట్టాను. ఆకులు చల్లగా ఉన్నాయి. కాడలు చెవుల్లో గుచ్చుకున్నాయి.

"ఏరా, నువ్వెందుకు దిగావు?" అన్నాడు లూమిర్. "నీ ముక్కు చచ్చి ఎన్నేళ్లయింది? అమ్మోనియా తాగినవాడికి పేలాలేమిటి?"

గట్టిగానే అన్నాడు. కంచె దాకా వినిపించేంత. నేను తల ఎత్తలేదు.

"చెప్పరా, ఏం వాసన?"

"నాకు తెలీదు."

"మరి ఎందుకు?"

దుబ్బులో ఒక మిడత ఉంది. అది కూడా ఆగి ఉంది.

"ఆవిడ అడిగింది," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. అప్పుడు పక్కన గౌను చప్పుడైంది. "జరగరా అటు," అంది అక్క. మా అక్కకి మోకాళ్లు నాకంటే అధ్వాన్నం. నా భుజం మీద చెయ్యి వేసి, నాకు తెలిసిన తిట్లన్నీ, నాకు తెలియనివి రెండూ తిట్టి కూలబడింది. ముక్కు దూర్చింది. చాలాసేపు పీల్చింది.

"పేలాలే," అంది. "వెన్న కూడా. కొంచెం మాడాయి."

అక్క అబద్ధం ఆడదు. ఆడితే ఇంకా బాగా ఆడుతుంది.

తర్వాత ఒటకార్. తర్వాత ఒటకార్‌ని పట్టుకోవడానికి వాళ్లావిడ. ఇంకొకరు, ఇంకొకరు. ఒకరు పేలాలన్నారు, ఒకరు కొత్త పెయింటన్నారు, ఒకరు ఏమీ లేదన్నారు. ఏమీ లేదన్నవాణ్ణి పక్కవాడు మళ్లీ పీల్చమన్నాడు. వాళ్లిద్దరికీ గొడవ. "నీ ముక్కులో పొగాకు ఉంది, ముందు అది తియ్యి." "నా ముక్కు సంగతి నీకెందుకు." కాసేపటికి గుట్ట మీద నిలబడ్డవాడు లూమిర్ ఒక్కడే. రోడ్డు మీద పోయే కారు ఒకటి ఆగింది. కేథలిక్కుల ఫాదర్ది. కిటికీ దించి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఆయన ఈ రాత్రి ఎవరితో చెప్పినా నమ్మరు.

"నేను మాత్రం మోకరిల్లను," అన్నాడు లూమిర్.

"మోకరిల్లక్కర్లేదు," అంది అక్క కింద నుంచే. "పడుకో. తాత పడుకునేవాడుగా."

లూమిర్ ఆలోచించాడు. పడుకోవడం తప్పని ఏ రాయి మీదా రాసి లేదు. ఆదివారం కోటుతో సహా బోర్లా పడుకున్నాడు. మొహం గడ్డిలోకి పోయింది. ఎంతసేపో అలాగే ఉన్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాం. ఒటకార్ బూటుతో మెల్లిగా కదిపాడు.

"సినిమా హాలు," అన్నాడు లూమిర్, గడ్డిలోంచి.

"ఏంటి?"

"బ్లాంకతో మొదటిసారి సినిమాకి పోయాను. పేలాల పొట్లం తన ఒళ్లో పెట్టుకుంది. ఒక్కటి కూడా నాకివ్వలేదు."

బ్లాంక వాళ్లావిడ. పోయిన చలికాలం పూడ్చాం, కింది సగంలో. లూమిర్ కోసం ఎదురుచూడలేక కాబోలు ముందే పోయింది, ఎక్కడికైనా ఎప్పుడూ ముందే తయారయ్యేది.

"లేపండిరా నన్ను," అన్నాడు.

ముగ్గురం పట్టి లేపాం. కోటు దులుపుకున్నాడు. మా ఎవరి వైపూ చూడలేదు. "ఓటు అక్కర్లేదు. దున్నడం లేదు."

"విత్తనాల సంచులు?" అన్నారెవరో.

"నా దొడ్లో చల్లుకుంటాను. నీకేం."

అందరూ ఒకరినొకరు పట్టుకుని లేచి దిగారు. నేను ఆఖర్న దిగాను. గేటు దగ్గర టీచరమ్మ నిలబడి ఉంది. ఇంకో దారి లేదు. టోపీ తీశాను.

"కద్లెచెక్ గారూ. ఉప్పు కూడా అన్నారు."

"అన్నానండి."

"నిన్నటికంటే బాగుంది అన్నారు."

"తప్పయిందండి."

ఆవిడ కంచె పట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. "నాకూ రాదండీ," అంది. "పెద్ద జలుబు చేసి తగ్గింది, ముక్కు దాంతో పోయింది. రిటైరైన ఏడే. భూతద్దానికి దొరికేవన్నీ దొరుకుతాయి, వాసన ఒక్కటే దొరకదు. మిమ్మల్ని చూశాను. అంత పెద్ద ముక్కు. పనికొస్తుందనుకున్నాను."

అప్పుడు నవ్వడం మొదలుపెట్టింది. నేను కూడా. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది, గొట్టంలో నీళ్లు వచ్చే ముందు గాలి వచ్చినట్టు. కిందినుంచి అక్క, "ఏమైందిరా?" అని అరిచింది. ఏమీ కాలేదన్నాను.

సెప్టెంబరు 15

పళ్ల చక్రం బిగించాను. కింది సగం కోశాను. ఎండా లేదు, మబ్బూ లేదు, వెలుతురు సరిగ్గా ఉంది.

సెప్టెంబరు 20

యూనివర్సిటీ జవాబు వచ్చింది. అదే గడ్డి. వచ్చే వసంతంలో పై సగానికి నిప్పు పెట్టమన్నారు, దానికి అదే బలమట. శ్మశానానికి నిప్పా అంటే, "పెట్టండి. మనం నరకాన్ని నమ్మం కదా," అన్నాడు లూమిర్. తనే అగ్గిపెట్టె తెస్తాడట.

సెప్టెంబరు 28, ఆదివారం

గింజలు రాలుతున్నాయి. గుండ్రంగా, ఆవగింజలంత ఉన్నాయి. ఆకులు నారింజ రంగుకి తిరిగాయి. టీచరమ్మ వచ్చింది. ఈసారి గేటులోంచి వచ్చింది. గింజలు ఏరుకుంది, వాళ్ల నాన్న దున్నించిన చోట ఒక మూల చల్లి చూస్తానంది. రావు అని తనే అంది. చల్లుతాను అని మళ్లీ తనే అంది.

ఇద్దరం కూర్చున్నాం. అక్క కొలాచ్‌లు ఇచ్చి పంపింది. నేను అడగలేదు, తనే కట్టింది.

"ఈ పై సగంలో చోట్లన్నీ పంచేసుకున్నారాండీ?" అందావిడ.

"అన్నీ కాదు."

"కేథలిక్కుల్ని రానిస్తారా?"

"కేథలిక్కుల మీద రూలు లేదండి. ఫాదర్ రాకూడదు. అంతే."

"ఇక్కడికైతే ఆయనెలాగూ రాడు."

గాలి వచ్చింది. దుబ్బులన్నీ ఒకవైపు ఒంగి మళ్లీ లేచాయి. చెప్పాల్సిన మాటలు నాకు ఎప్పుడూ ఇంటికి వెళ్లాక వస్తాయి. ఈసారి అక్కడే వచ్చింది.

"నా చోటు అదిగో, ఆ దుబ్బుల దగ్గర. పక్కది ఖాళీ."

ఆవిడ కొలాచ్ పక్కన పెట్టింది. ఆ చోటు వైపు చాలాసేపు చూసింది. భూతద్దం పెట్టకుండానే చూసింది.

"గొయ్యి తీస్తే ఆ దుబ్బులు పోతాయి కదండీ," అంది.

అది నేను ఆలోచించలేదు. "పోతాయండి."

"అయితే ఇద్దరం తొందరపడకూడదు."